బడి ఎంచుకునే ముందు తొమ్మిదో తరగతి లెక్క అడగండి

హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక ప్రధానోపాధ్యాయుడు ఈ శీర్షికలో చదువుకు సంబంధించిన పాఠకుల సందేహాలకు జవాబులిస్తున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఏది మేలన్న ప్రశ్న చుట్టూనే తిరిగినందున వాటినే ఒకచోట చేర్చాము.

ప్రశ్న: మేము రామంతాపూర్‌లో అద్దెకు ఉంటున్నాము. మా వారు మెకానిక్ షెడ్డులో పనిచేస్తారు, నేను ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తాను. మా అమ్మాయి ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. ఫీజు మా వల్ల కావడం లేదు కాబట్టి తొమ్మిదో తరగతికి ప్రభుత్వ బడికి మార్చాలనుకుంటున్నాము. ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న బడి గేటుకు ‘పదో తరగతిలో నూటికి నూరు శాతం’ అని ఫ్లెక్సీ కట్టారు. ఉప్పల్ వైపు ఉన్న జిల్లా పరిషత్ బడి చాలా పెద్దది కానీ అక్కడ ఎనభై ఐదు శాతమే వచ్చిందట. అంబర్‌పేట వైపు బాలికల ఉన్నత పాఠశాల ఉంది, అక్కడికి బస్సెక్కాలి. ఈ మూడింటిలో ఏది మంచిది?
— ఒక తల్లి, రామంతాపూర్

జవాబు: అమ్మా, ఆ మూడు బడుల్లో దేన్నీ నేను వెళ్లి చూడలేదు కాబట్టి ఫలానాదే మంచిదని ఇక్కడ కూర్చుని తేల్చేయడం ధర్మం కాదు. కానీ మీ ఉత్తరం చదివితే ఆ ఫ్లెక్సీ మీ మనసు మీద బాగా పనిచేసిందని అర్థమైంది, అందువల్ల ముందుగా దాని సంగతే చూద్దాం.

రాష్ట్రం మొత్తం మీద పదో తరగతిలో 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా గట్టెక్కే పరీక్షలో ఉత్తీర్ణత శాతాన్ని పట్టుకుని బడికీ బడికీ తేడా చెప్పడం కష్టం. పైగా ప్రతి సబ్జెక్టులో రాత పరీక్ష 80 మార్కులకే, మిగిలిన 20 బడిలోనే వేస్తారు. ఆ ఇరవైలో పద్దెనిమిదికి తక్కువ వేసిన ఉపాధ్యాయులను నా సర్వీసు మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక చిన్న బడిలో 24 మంది పరీక్షకు కూర్చుని 24 మందీ ఉత్తీర్ణులయ్యారు. పెద్ద బడిలో 120 మంది కూర్చుంటే 102 మంది ఉత్తీర్ణులయ్యారు, అంటే 85 శాతం. ఇంతవరకే చూస్తే చిన్న బడిదే పైచేయి. ఇప్పుడు ఒక ఏడాది వెనక్కి వెళ్లి, అదే పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఎందరున్నారో అడగండి. చిన్న బడిలో 41 మంది, పెద్ద బడిలో 124 మంది ఉన్నారనుకోండి. తొమ్మిదిలో ఉన్న ప్రతి నూరు మందికి పెద్ద బడి 82 మందిని పది దాటించింది, చిన్న బడి 59 మందిని కూడా దాటించలేదు. మధ్యలో జారిపోయిన ఆ పదిహేడు మంది పేర్లు ఫ్లెక్సీ మీదికి రావు.

వాళ్లు ఎక్కడికి పోతారో నాకు తెలుసు, ఎందుకంటే కొందరిని నేనే పంపాను. పదో తరగతి పిల్లల వివరాలను పరీక్షల విభాగానికి పంపే జాబితాను మేము నామినల్ రోల్స్ అంటాము. అది వెళ్లకముందు స్టాఫ్ రూములో ఒక మాట నడుస్తుంది: ఫలానావాడు తప్పుతాడు, హాజరు కూడా అంతంతే, వాణ్ణి బడితో సంబంధం లేకుండా విడిగా రాసే ఓపెన్ టెన్త్‌లో కట్టించుకోమని చెబితే సరిపోదా అని. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ఒక బడిలో ఒక ఏడాది ఐదుగురి తల్లిదండ్రులను పిలిపించి, మీ మేలు కోరే చెబుతున్నానన్న స్వరంతో ఆ మాటే చెప్పాను. తాపీ పని నుంచి నేరుగా వచ్చిన ఒక తల్లి, చేతికంటిన సిమెంటు చీర చెంగుకు తుడుచుకుని, నేను చూపించిన చోట సంతకం పెట్టింది. ఆ ఏడాది మా బడికి నూరు శాతం వచ్చింది, జిల్లా సమావేశంలో నాకు శాలువా కప్పారు. ఆ ఐదుగురిలో తర్వాత పరీక్ష కట్టినవారు ఇద్దరే. ఇది అన్ని బడుల్లోనూ జరుగుతుందని నేను అనను, నూరు శాతం న్యాయంగా తెచ్చుకున్న బడులు చాలానే ఉన్నాయి. అయితే ఏది ఏ రకమో ఫ్లెక్సీని చూసి చెప్పలేము, తొమ్మిదో తరగతి లెక్క చూస్తే కొంతవరకు తెలుస్తుంది.

ఈ లెక్కలో సగం మీరు ఇంట్లో కూర్చునే తీయవచ్చు. దేశంలో ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, తెలంగాణ బడులన్నిటికీ అది 36తో మొదలవుతుంది. కేంద్ర విద్యాశాఖవారి యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ కోడ్ కొడితే బడి నివేదిక వస్తుంది. తరగతివారీగా ఎందరు పిల్లలున్నారు, ఎందరు ఉపాధ్యాయులున్నారు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అన్నవి అందులో ఉంటాయి. ఒక ఏడాది తొమ్మిదో తరగతి సంఖ్యనూ, మరుసటి ఏడాది పదో తరగతి సంఖ్యనూ పక్కపక్కన రాసుకోండి. పరీక్షకు ఎందరు కూర్చున్నారో, గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ రాత పరీక్షలో వచ్చిన మార్కులు ఎలా ఉన్నాయో ప్రధానోపాధ్యాయుణ్ణే అడగండి. 2012 నుంచి చాలా ఏళ్లపాటు మెమోల మీద గ్రేడ్లే ఉండేవి కాబట్టి ఈ ప్రశ్నకు సూటిగా జవాబు దొరికేది కాదు. 2025 ఫలితాల నుంచి మార్కులు మళ్లీ కనబడుతున్నాయి. మార్కుల పట్టిక దాచుకోనివారు అడగ్గానే తీసి చూపిస్తారు. ‘అవన్నీ మీకెందుకమ్మా’ అన్నారంటే అదీ ఒక జవాబే.

రెండో సంగతి ఉపాధ్యాయులు. ప్రాథమిక పాఠశాలలో ఒకే టీచరు అన్నీ చెప్పగలరు కానీ ఉన్నత పాఠశాలలో సబ్జెక్టుకు ఒక స్కూల్ అసిస్టెంట్, అంటే ఆ సబ్జెక్టు టీచరు, ఉండి తీరాలి: గణితానికి ఒకరు, భౌతిక రసాయన శాస్త్రాలకు ఒకరు, జీవశాస్త్రానికి ఒకరు, సాంఘికానికి, ఇంగ్లీషుకు, తెలుగుకు, హిందీకి ఒక్కొక్కరు. తెలంగాణలో 2017లో 8,792 ఉపాధ్యాయ పోస్టులకు నియామక ప్రకటన వచ్చింది. దాని తర్వాత నియామకాల దాకా వెళ్లిన ప్రకటన 2024లో 11,062 పోస్టులతో వచ్చిన డీఎస్సీయే. ఆ నడుమ రిటైరైనవారి కుర్చీలు ఎన్నో ఖాళీగానే ఉండిపోయాయి. నగరంలో ఇంటి అద్దె భత్యం 24 శాతం కావడం వల్ల ఇక్కడి పోస్టులకు పోటీ ఎక్కువ కాబట్టి మారుమూల మండలాల కంటే మన పరిస్థితి నయమే, అయినా ఏ బడిలో ఏ సబ్జెక్టు ఖాళీ అన్నది విడిగా చూసుకోవలసిందే. ప్రధానోపాధ్యాయుని గదిలో గోడకు మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు అన్న మూడు గడులతో ఒక బోర్డు సాధారణంగా ఉంటుంది. మీరు కుర్చీలో కూర్చోకముందే గణితం, భౌతికశాస్త్రం వరుసలు చదివేయండి. ‘వర్క్ అడ్జస్ట్‌మెంట్’ అని, అంటే వేరే బడి నుంచి తాత్కాలికంగా సర్దారని, చెబితే ఆ టీచరు వారానికి ఎన్ని రోజులు వస్తారో, ఎప్పటిదాకా ఉంటారో అడగండి.

చిన్న బడికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఒకే గణితం టీచరు ఉన్నచోట ఆవిడ ప్రసూతి సెలవు మీద వెళ్లినా, బదిలీ అయినా ఆ తరగతికి లెక్కలు ఆగిపోతాయి. పెద్ద బడిలో అదే సబ్జెక్టుకు ఇద్దరు ముగ్గురు ఉంటారు కాబట్టి పాఠం కుంటుతూనైనా నడుస్తుంది. మరోపక్క, చిన్న బడిలో టీచరుకు ప్రతి పిల్ల పేరు, ఇంటి పరిస్థితి తెలిసి ఉంటాయి, పెద్ద బడిలో సెక్షనుకు యాభై అరవై మంది ఉంటే నెమ్మదస్తురాలైన అమ్మాయి వెనక బెంచీలో ఏడాది మొత్తం ఎవరి కంటా పడకుండా గడిపేయగలదు. మీ అమ్మాయి అడిగి చెప్పించుకునే రకమా, అడగడానికి బిడియపడే రకమా అన్నది మీకే తెలుసు.

మూడు బడులకూ ఒక్కొక్కసారి మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లండి. పొద్దున ప్రార్థన సమయంలో ఏ బడైనా చక్కగానే కనిపిస్తుంది. నగరంలో చాలా బడులకు భోజనం పెద్ద వంటశాలల నుంచి వ్యానులో వస్తుంది, కొన్నిచోట్ల ఆవరణలోనే వండుతారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు కూడా పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారా, లేక ఇంటి డబ్బాలు విప్పుకుని మెట్ల మీద కూర్చున్నారా చూడండి. వయసొచ్చిన పిల్లలు బడి అన్నం తింటున్నారంటే అది తినేలా ఉందని అర్థం. భోజనం తర్వాత ఆడపిల్లల మరుగుదొడ్డి వైపు నడవండి. యూడైస్ నివేదికలో ‘బాలికల మరుగుదొడ్లు: 6’ అని ఉండవచ్చు. వాటిలో ఎన్నింటికి తాళం వేసి ఉంది, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, లోపల బకెట్టులో నీళ్లున్నాయా అన్నవి ఏ నివేదికలోనూ ఉండవు. తాళంచెవి కోసం పిల్ల స్టాఫ్ రూముకు వెళ్లి మగ టీచరును అడగవలసిన బడిలో ఆడపిల్లలు పొద్దున నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నెలలో నాలుగు రోజులు బడికే రారు, ఆ నాలుగు రోజుల పాఠాలు గణితం మార్కుల్లో తేలుతాయి.

ఇక మాధ్యమం గురించి మీరు అడగలేదు కానీ ప్రైవేటు బడి నుంచి వచ్చే తల్లిదండ్రులందరికీ ఆ భయం ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లీషు మీడియం మన ఉన్నత పాఠశాలలకు కొత్తది కాదు, 2008–09లోనే సక్సెస్ స్కూళ్ల పేరిట ఆరో తరగతి నుంచి చాలా చోట్ల మొదలైంది. 2022–23లో ఎనిమిదో తరగతి దాకా అన్ని ప్రభుత్వ బడుల్లోనూ పెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున పెంచుతూ 2024–25కి పదో తరగతికి తెచ్చారు. పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీలో ఇంగ్లీషు ఉంటే ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఒకసారి తొమ్మిదో తరగతి గదిలో వెనకగా నిలబడి చూశాను. ఒకమ్మాయి వేలు ఇంగ్లీషు వాక్యం కింద కదులుతోంది, కళ్లు మాత్రం ప్రతి పంక్తికీ ఎదుటి పేజీకి వెళ్లి వస్తున్నాయి. ఆ పుస్తకం పిల్లలకు బాగానే ఉపయోగపడుతోంది. అయితే పాఠం వినిపించేది ఏ భాషలో అన్నది టీచరును బట్టి మారుతుంది. పది నిమిషాలు వరండాలో నిలబడితే మీకే తెలిసిపోతుంది.

దూరం విషయంలో, 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి, ఆడపిల్లలకు టిక్కెట్టు లేదు కాబట్టి బాలికల ఉన్నత పాఠశాలకు ఖర్చన్నది అడ్డు కాదు. చూడవలసింది సాయంత్రం వేళ. పదో తరగతి పిల్లలకు చలికాలంలో ప్రత్యేక తరగతులు నడుపుతారు, అవి వదిలేసరికి చీకటి పడుతుంది, ఆ వేళ కిక్కిరిసిన బస్సులో మీ అమ్మాయి రోజూ ఒంటరిగా రావాలి. ఆ బడికి మీ వీధి నుంచి మరో ఇద్దరు పిల్లలు వెళుతుంటే నిశ్చింతగా ఆలోచించవచ్చు.

ఇంకొక చిన్న వివరం. మీరు చెప్పిన వాటిలో రెండు బడులు వేర్వేరు జిల్లాలవి. అంబర్‌పేట హైదరాబాదు జిల్లాలో ఉంది, ఆ జిల్లాకు జిల్లా పరిషత్తే లేదు కాబట్టి అక్కడి బోర్డుల మీద ‘ప్రభుత్వ ఉన్నత పాఠశాల’ అని ఉంటుంది. ఉప్పల్ మండలం మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోది, అందుకే అక్కడ ‘జిల్లా పరిషత్’ అని ఉంది. చదువులో, పుస్తకాల్లో, పరీక్షలో తేడా ఏమీ లేదు. ఫిర్యాదు చేయవలసి వస్తే వెళ్లవలసిన జిల్లా విద్యాధికారి కార్యాలయం మాత్రం వేరవుతుంది.

నా మొగ్గు ఎటు అని అడిగితే, జిల్లా పరిషత్ బడిలో గణితం, భౌతికశాస్త్రం పోస్టులు నిండి ఉండి, తొమ్మిది నుంచి పదికి వచ్చేసరికి పిల్లలు పెద్దగా తగ్గకపోతే, ఎనభై ఐదు శాతాన్ని పట్టించుకోకుండా నేను అక్కడే చేర్పిస్తాను. ఆ రెండూ లేకపోతే బస్సెక్కిస్తాను. చిన్న బడిని నేను కొట్టిపారేయడం లేదు, కానీ ఆ ఫ్లెక్సీకి బదులు ఆ పదిహేడు లాంటి లెక్క ఏదీ తమ దగ్గర లేదని వాళ్లు చూపించాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి ప్రైవేటు బడిలో చదివాడు. కొంత ఫీజు బాకీ ఉంది. అందుకని ఆ బడివారు టీసీ ఇచ్చేది లేదంటున్నారు. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతికి చేర్చాలంటే టీసీ లేనిదే కుదరదా? అన్ని బడులూ ఒకే నియమం పాటిస్తాయా?
— ఒక తండ్రి, మౌలాలి

జవాబు: కుదురుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారే హక్కు పిల్లవాడికి ఉంది. టీసీ అందడంలో ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశాన్ని ఆపడానికి గానీ, నిరాకరించడానికి గానీ వీల్లేదు. మీ అబ్బాయి చేరేది ఎనిమిదికి కాబట్టి ఈ సెక్షను అతనికి నేరుగా వర్తిస్తుంది. తొమ్మిదికో పదికో అయితే ఈ రక్షణ ఉండదు, టీసీ అడుగుతారు. అందుకని మారాలని మీరు నిశ్చయించుకుని ఉంటే వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

అసలు తంటా కాగితంతో కాదు, కంప్యూటరుతో వస్తుంది. యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. పాత బడివారు తమ జాబితా నుంచి పేరు విడుదల చేస్తే తప్ప కొత్త బడి జాబితాలోకి అది రాదు. బాకీ ఉన్నవారి పేర్లు కొన్ని ప్రైవేటు బడులు కావాలనే వదలవు. చేర్చుకున్న ప్రధానోపాధ్యాయుడు మండల విద్యాధికారికి రాసి విడుదల చేయించాలి. హైదరాబాదు జిల్లాలోనైతే ఆ పని డిప్యూటీ ఐఓఎస్ (బడుల డిప్యూటీ ఇన్స్పెక్టర్) చూస్తారు. బడులను పోల్చుకునేటప్పుడు ఈ చిక్కును ఎవరు ఎలా తీసుకుంటారో గమనించండి: ‘ముందు టీసీ తెండి, తర్వాత చూద్దాం’ అనే బడి ఒకటైతే, ‘పిల్లవాణ్ణి రేపటి నుంచి పంపండి, కాగితం సంగతి నేను చూసుకుంటాను’ అనే బడి మరొకటి. బాకీ అన్నది మీకూ ఆ యాజమాన్యానికీ మధ్య వ్యవహారం, దాన్ని వాయిదాల మీద తీర్చే మాట రాతపూర్వకంగా ఇచ్చి తగవు ముగించుకోవడం మంచిది.

ఎనిమిదో తరగతిలో చేరడం వల్ల మరొక లాభం ఉంది. ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవారికే. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకుండా, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుంటే అర్హత ఉన్నట్టే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. నిరుడు ఈ పరీక్షకు ఎందరితో దరఖాస్తు చేయించారో, ఎందరు ఎంపికయ్యారో అడగండి. చురుకైన ప్రధానోపాధ్యాయుణ్ణి గుర్తించడానికి ఇది మంచి గుర్తు. దరఖాస్తులు నింపడం, ఆదాయ ధ్రువపత్రాల కోసం తల్లిదండ్రుల వెంటపడటం జీతంలో భాగం కాని చాకిరీ, పిల్లల మీద పట్టింపు ఉన్నవారే చేస్తారు.

ప్రశ్న: మా కాలంలో ఆలియా, మహబూబియా అంటే సర్కారు బడులని ఎవరూ చిన్నచూపు చూసేవారు కాదు. మనవరాలిని అలాంటి పేరున్న బడిలోనే చేర్చాలని నా పట్టుదల. మా కోడలు ఒప్పుకోవడం లేదు. ఎవరిది సరైన మాట?
— ఒక తాతగారు, హిమాయత్‌నగర్

జవాబు: అయ్యా, గన్‌ఫౌండ్రీలోని ఆ రెండు బడులూ ఈనాటికీ ప్రభుత్వ బడులే. ఆలియాలో ఒకప్పుడు నవాబుల కుమారులు చదివారు, 1907 నాటి మహబూబియా ఆడపిల్లల చదువుకు ఈ నగరంలో తొలి మెట్లలో ఒకటి. మీ అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ ప్రభుత్వ బడిలో పేరు ఒకచోట ఉంటుంది, పాఠం చెప్పేవారు మరొకచోటికి వెళ్లిపోతుంటారు. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండిన ఉపాధ్యాయుడికి, ఐదేళ్లు నిండిన ప్రధానోపాధ్యాయుడికి బదిలీ తప్పదు. మీరు ఎరిగిన బడిలో మీరు ఎరిగిన మాస్టార్లు లేరు. పదేళ్ల కిందటి పేరు కూడా ఇదే విధంగా పాతబడుతుంది, మంచిదైనా చెడ్డదైనా. మీ కోడలు ఒప్పుకోకపోవడానికి కారణం మీరు రాయలేదు. రోజూ పిల్లను దింపి తెచ్చేది ఆవిడే అయితే ఆవిడ మాటే చెల్లాలి.

ప్రశ్న: గురుకులమా, ఇంటి దగ్గరి ఉన్నత పాఠశాలా? బాబు ఇప్పుడు నాలుగో తరగతి.
— ఒక తల్లి, బాలానగర్

జవాబు: గురుకులాల్లో ప్రధాన ప్రవేశం ఐదో తరగతికి, ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది కాబట్టి మీరు అడిగింది సరైన సమయంలోనే. పై తరగతుల్లో మిగిలిన సీట్లే దొరుకుతాయి. పరీక్ష రాయించండి, సీటు వచ్చాక ఆలోచించవచ్చు. ఫలితాల్లో గురుకులాలు ముందుండటం నిజమే, అయితే అవి పరీక్ష పెట్టి ఎంచుకున్న పిల్లలను ఇరవై నాలుగు గంటలూ దగ్గర ఉంచుకుని చదివించే బడులు. వచ్చిన ప్రతివాణ్ణీ చేర్చుకునే వీధి బడితో వాటి శాతాన్ని పక్కపక్కన పెట్టడం తూకం కాదు. బాబు రాత్రిళ్లు అమ్మ లేకుండా పడుకోగలడా అన్నది ఆ శాతం కంటే ముందు చూడండి.

ప్రశ్న: నేను నగర శివారులోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా పిల్లల్లో సగానికి పైగా భవన నిర్మాణ కూలీల పిల్లలు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, కర్ణాటక సరిహద్దు నుంచి వచ్చినవారు ఉన్నారు. ఆరో తరగతిలో చేరేటప్పటికి కొందరికి ఏ భాషా చదవడం రాదు. సైటు పని అయిపోగానే చెప్పకుండా వెళ్లిపోతారు. మమ్మల్ని నగరం నడిమధ్య బడితో పోల్చడం అన్యాయం కాదా?
— ఒక ఉపాధ్యాయిని, శంషాబాద్

జవాబు: అన్యాయమే. అంతేకాదు, రామంతాపూర్ తల్లిగారికి నేను ఇచ్చిన లెక్కలోని లోపాన్ని మీ ఉత్తరం బయటపెట్టింది. తొమ్మిదిలో 41 మంది ఉండి పదిలో 24 మందే మిగిలితే, ఆ పదిహేడు మందిని బడి వదిలించుకుని ఉండవచ్చు, లేదా అపార్ట్‌మెంటు కట్టడం పూర్తయి వాళ్ల అమ్మానాన్నలు మరో సైటుకు తరలిపోయి ఉండవచ్చు. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకే అంకెగా కనిపిస్తాయి.

దీనికి మీ చేతిలో ఉన్న ఉపాయాలు రెండు. ఆరు నుంచి తొమ్మిది తరగతులకు 2023లో మొదలైన ‘ఉన్నతి’ కార్యక్రమంలో మీరు ప్రారంభ పరీక్ష పెట్టి ఎవరికి చదవడం వచ్చు, ఎవరికి భాగహారం రాదు అని రాసే ఉంటారు. ఆరో తరగతిలో కూడికలు రాని పిల్లవాడు ఎనిమిదికి వచ్చేసరికి భిన్నాలు చేస్తున్నాడంటే, పదో తరగతిలో గొప్ప మార్కులు తెచ్చుకున్న పిల్ల ఉన్న బడికంటే మీ బడి ఎక్కువ పని చేసిందన్న మాట. చేరినప్పటి స్థాయి, ఇప్పటి స్థాయి ఒకే కాగితం మీద వేసి తల్లిదండ్రుల సమావేశంలో చూపండి. ఆ కాగితాన్ని చదవలేని తల్లిదండ్రులు ఉంటారు కాబట్టి పిల్లవాడి పాత నోటుబుక్కు, కొత్త నోటుబుక్కు పక్కపక్కన పెట్టి చూపండి.

రెండోది, బడి విడిచినవారి పేర్లను ఒకే కుప్పగా వేయకండి. అడ్మిషన్ రిజిస్టరులో రిమార్కుల గడిలో ‘లెఫ్ట్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం నాతో సహా అందరికీ అలవాటు. దానికి బదులు మూడు గడులు గీయండి: టీసీ తీసుకుని మరో బడికి వెళ్లినవారు, ఓపెన్ టెన్త్‌కు మారినవారు, ఎక్కడ ఉన్నారో తెలియనివారు. వెళ్లిపోయేవారి దగ్గర ఒక ఫోను నంబరు ముందే తీసుకుని ఉంచితే, ఒడిశాలోనో నార్సింగిలోనో ఏదో ఒక బడిలో వాళ్లు మళ్లీ చేరారో లేదో నెల తర్వాత కనుక్కోవచ్చు. పెన్ సంఖ్య రాసిన చీటీ ఒకటి ఆ తల్లి చేతిలో పెట్టి పంపితే అక్కడి బడివారికి వెతకడం సులువవుతుంది. మొదటి రెండు గడులు ఎంత నిండినా ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేరు. మూడో గడి మాత్రం నెలనెలా తెరిచి, ఒక్కొక్క పేరునూ మొదటి గడిలోకో రెండో గడిలోకో మార్చే పని ఎవరిదో మీ స్టాఫ్ మీటింగులో ముందే రాసుకోండి.